మైలపడని తాయెత్తు

ఆ పరికరానికి ప్రయోగశాలలో పెట్టిన పేరు పలకాలంటే మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవాలి. ఆయాసం పిల్లల కోసం చేసిన వస్తువుకి ఆయాసం తెప్పించే పేరెందుకని వకుళ మొదట్లోనే అడిగింది. డాక్టర్ చంద్రమౌళి నవ్వేసి ఊరుకున్నాడు. ఆదోనిలోని ఊపిరి జబ్బుల పరిశోధన కేంద్రానికి ఆయనే పెద్ద. పరికరం ఆయన బుర్రలో పుట్టింది. ఇల్లిల్లూ తిరిగి దాన్ని పిల్లల మెడలో వేయించడం వకుళ పని.

వస్తువు మాత్రం చిక్కుడు గింజంతే. లోపల మెత్తని జిగురులో, వేసుకునే బిడ్డ రక్తం నుంచి తీసిన కణాలు బతికి ఉంటాయి. ఒంటికి పడనిదేదైనా లోపలికి వస్తే ముందుగా గగ్గోలు పెట్టేవి ఆ కణాలే. ఆ గగ్గోలుకే ముక్కు కారేది, ఊపిరి గొట్టాలు బిగుసుకునేది. చంద్రమౌళి చేసిందల్లా ఆ కాపలావాళ్లలో కొందరిని ఒంటి బయట, గాలికి ఎదురుగా కూర్చోబెట్టడం. పడని ధూళి గాలిలో ఉంటే డబ్బీ మీది తెల్లటి చిన్న కిటికీ ఎర్రబడుతుంది, డబ్బీ గుయ్యిమంటుంది. బిడ్డ ఛాతీ పట్టేయడానికి పావుగంట ముందే సంగతి తెలిసిపోతుంది. లేచి బయటి గాలిలోకి నడిస్తే చాలాసార్లు మందుతో పనే పడదు.

ఉన్న షరతు ఒక్కటే. ఆ కణాలు ఒంటి వేడి మీద బతుకుతాయి. తీసి పక్కన పెడితే చల్లబడి నిద్రపోతాయి, మళ్లీ మెడలో వేసుకున్నా లేవడానికి ఒక పూట పడుతుంది. అందుకని తీయకూడదు.

ఆ ఒక్క షరతు దగ్గరే పని చెడింది. మొదటి విడత ఇచ్చినవాటిని తల్లులు బీరువాల్లో దాచారు, పగిలిపోతాయని. బడికి వేసుకెళ్లిన పిల్లల్ని తోటివాళ్లు బ్యాటరీ బ్యాటరీ అని ఏడిపించారు. ఒక తాత అయితే దాన్ని రేడియో అనుకుని చెవి దగ్గర పెట్టుకుని, పాటలు రావడం లేదని తిరిగి ఇచ్చేశాడు. ఏడాది గడిచినా ఒక్క మెడలోనూ అది నిలవలేదు. చంద్రమౌళికి తిండి సహించడం మానేసింది.

"సార్, మా ఊళ్లో పిల్లల మెడలో ఏళ్ల తరబడి నిలిచేది ఒకటే ఉంది" అంది వకుళ. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఆదోనిలోనే. "రాగి గొట్టంలో పెడదాం, గాలికి చిల్లులు, కిటికీకి సందు వదులుదాం. నల్లదారం కడదాం. తాయెత్తు అందాం."

చంద్రమౌళి కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు. కాసేపు పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి ఆలోచించాడు. "మనం సైన్సు చేసేవాళ్లమండీ వకుళగారూ" అన్నాడు గాని, గట్టిగా అనలేదు. ఆ సాయంత్రమే రాగి పనివాడి దుకాణం ఎక్కడుందని అడిగాడు.

అలా తయారైన మొదటి తాయెత్తుల్లో ఒకటి లోహిత మెడలోకి వెళ్లింది. లోహితకి ఎనిమిదేళ్లు. తండ్రి ఉరుకుందు పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పని చేస్తాడు, తల్లి సుంకులమ్మ ఇంటి ముందే పూలు కట్టి అమ్ముతుంది. పత్తి మార్కెట్టుకి వచ్చే కాలం మొదలయిందంటే ఆ పిల్ల గోడకి ఆనుకుని కూర్చునే తెల్లవార్చేది. పీల్చే మందు పంపు ఒకటి ఎప్పుడూ సుంకులమ్మ కొంగున కట్టుకునే ఉండేది.

వకుళ పిల్ల వేలు గుచ్చి తీసిన రక్తంతో వారంలో తాయెత్తు తెచ్చింది.

"ఏ సామిది మేడం?" అని అడిగింది సుంకులమ్మ.

వకుళ కొంచెం తడబడింది. "మీ పాపదే. దాని రక్తంతోనే చేసింది. స్నానానికి కూడా తీయొద్దు, ఎప్పుడూ ఒంటిమీదే ఉండాల. ఎర్రగయిందంటే ఆడ ఉండొద్దు, పాపని బయటికి తీస్కపోవాల."

సుంకులమ్మ రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది. అది చూసి వకుళకి లోపల ఏదో గుచ్చుకున్నా, పిల్ల దాన్ని మురిపెంగా గౌను మీదికి లాక్కుని అద్దంలో చూసుకోవడంతో ఆ సంగతి అక్కడికి మరిచిపోయింది. మెడలో పడింది కదా, అదే పదివేలు అనుకుంది.

ఆ మర్నాడు ఇల్లు సోదా చేశారు. లోహిత తాయెత్తు పట్టుకుని మూలమూలకీ పోయింది, వెనక ఇంటిల్లిపాదీ. పొయ్యి దగ్గర తెలుపు. పూలబుట్ట దగ్గర తెలుపు, సుంకులమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఆయాసం కోళ్ల వల్లేనని ఎవరో చెప్పారని ఉరుకుందు వాటిని అమ్మేయడానికి బేరం పెట్టుకుని ఉన్నాడు. కోళ్లగూటి దగ్గరా తెలుపే. కోళ్లు ఏ పాపం ఎరగవని తేలిపోయింది. పిల్ల తల కింద పెట్టుకునే బూరుగుదూది దిండు దగ్గరికి పోగానే మాత్రం కిటికీ కుంకుమలా ఎర్రబడి డబ్బీ గుయ్యిమంది. తరవాత దోమల చక్రం. తరవాత అటక మీది పాత బొంతలు. ఆఖరున, మిల్లు నుంచి అప్పుడే వచ్చి బిడ్డని ఎత్తుకోబోయిన ఉరుకుందు చొక్కా.

"నేనేనా మేడం?" అన్నాడు ఉరుకుందు. చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు కాదప్పా, నీ చొక్కా మీది నుసి" అంది వకుళ.

మందులేవీ రాసివ్వలేదు. దిండు పారేసి, దుప్పట్లని మరిగే నీళ్లలో నానబెట్టి ఎర్రటెండలో ఆరేయమంది. చీపురు బదులు తడిగుడ్డతో తుడవమంది. చక్రం మానేసి దోమతెర కట్టుకోమంది. బొంతలు ఊరి బయట తగలబడ్డాయి. ఉరుకుందు ఇంటికి రాగానే పెరట్లో నాలుగు చెంబులు పోసుకుని, ఉతికిన బట్టలు కట్టుకున్నాకే బిడ్డని ముట్టేవాడు. ఆ పత్తికాలం లోహిత ఒక్క రోజు కూడా బడి మానలేదు. పడుకుని నిద్రపోయే బిడ్డని చూడటం సుంకులమ్మకి కొత్త. మొదట్లో భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదట. ఆ మాట చెప్పి నవ్వింది, వకుళ కూడా నవ్వింది. కొంగున కట్టిన పంపు కొన్నాళ్లకి గూట్లోకి చేరింది, అటు నుంచి పెట్టెలోకి.

ఈ సంగతి ఆనోటా ఈనోటా పాకింది. తాయెత్తు కావాలని తల్లులు పరిశోధన కేంద్రం గేటు ముందు బారులు తీరారు. ఒకసారి వకుళ వెళ్లేసరికి లోహిత తాయెత్తుకి మంగళవారమని కుంకుమ పెట్టి ఉంది. ఇంకోసారి సాంబ్రాణి పొగ పట్టారట. పొగకి అది ఎర్రబడితే, "అమ్మవారు పలికింది మేడం" అంది సుంకులమ్మ. అమ్మవారు కాదు, పొగ పిల్లకి పడదని చెప్పి సాంబ్రాణి మాన్పించి, చిల్లుల్లో చేరిన కుంకుమ సూదితో తీసి వచ్చింది వకుళ. కేంద్రంలో ఈ కథ చెబితే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఏదైతేనేం, వేసుకుంటున్నారు కదా" అన్నాడు చంద్రమౌళి. ఆయన మళ్లీ సరిగ్గా తింటున్నాడు.

మరుసటి పత్తికాలంలో ఉరుకుందు పెద్దమ్మ పోయింది. పెద్ద వయసే, నిండుగా బతికిన మనిషి. పొద్దున కబురు రాగానే ఇంటిల్లిపాదీ పక్క ఊరికి బయల్దేరారు. చావిల్లు కాబట్టి నలుమూలల నుంచీ బంధువులు వచ్చారు. వాళ్లు కూర్చోవడానికి ఆ ఇంటి అటక మీది పాత బొంతలన్నీ దించి, దులిపి పరిచారు. మధ్యాహ్నానికి పిల్లలు వాడిపోతే, బంధువులెవరో వెనక గదిలో ఆ బొంతల మీదే వరసగా పడుకోబెట్టారు. ముందు వసారాలో సుంకులమ్మ, మిగతా ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడుస్తున్నారు, బయట డప్పులు మోగుతున్నాయి. వెనక గదిలో లోహిత దగ్గింది ఎవరికీ వినిపించలేదు. శవాన్ని లేపే వేళకి పిల్లల్ని పిలుద్దామని వెళ్లిన సుంకులమ్మ, బిడ్డ పెదాలు నల్లబడి ఉండటం చూసింది. పంపు ఆదోనిలో పెట్టెలో ఉంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకొచ్చేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు.

వకుళ ఆసుపత్రికి పరిగెత్తింది. ఆమెకి ముందు అనుమానం వచ్చింది పరికరం మీద. కణాలు చచ్చిపోయి ఉండాలి, లేకపోతే చిల్లులు మూసుకుపోయి ఉండాలి. వరండాలో నేల మీద కూర్చున్న ఉరుకుందుని, "తాయెత్తు ఎర్రగ కాలేదా?" అని అడిగింది.

"మెడలో యాడుంది మేడం" అన్నాడు అతను. "సావింటికి పోతాంటిమి కదా. ఇంట్లోనే తీసి మేకుకి తగిలించి పోయినాం."

తెలియని సంగతైతే వేరు. వకుళకి తెలుసు. చిన్నప్పుడు ఆమె మెడలోనూ తాయెత్తు ఉండేది. ఎదురింటి ముసలాయన పోయినప్పుడు గడప దాటే ముందు అమ్మ దాన్ని విప్పి దేవుడి గూట్లో పెట్టింది. చావింటికైనా పురిటింటికైనా తాయెత్తుతో పోకూడదు, మైలపడి దాని బలం పోతుంది. ఈ నేల మీద పుట్టిన ఎవరికైనా ఉగ్గుపాలతో వచ్చే సంగతి. తాయెత్తు అని పేరు పెట్టేటప్పుడు ఆమెకి నల్లదారం గుర్తొచ్చింది, రాగి గొట్టం గుర్తొచ్చింది, ఇది మాత్రం గుర్తు రాలేదు. తన మీద తనకి అసహ్యం వేసింది.

మర్నాడు కేంద్రంలో చంద్రమౌళి నివేదిక రాస్తున్నాడు. రాసినంతవరకు ఆమెకి చదివి వినిపించాడు. పరికరంలో లోపం లేదు, తల్లి సూచనలు పాటించలేదు అని ఉంది అందులో.

"ఆ వాక్యం తీసేయండి సార్" అంది వకుళ.

"అబద్ధమా? తీయొద్దని మీరు చెప్పలేదా?"

"చెప్పినాను. తాయెత్తని కూడా చెప్పినాను. ఆమె ఆ రెండో మాట పాటించింది."

చంద్రమౌళి పెన్ను కింద పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. రాత్రి ఆయన కూడా నిద్రపోలేదని కళ్లు చెబుతున్నాయి. "సరే, ఊళ్లోకి వెళ్లి అది తాయెత్తు కాదు, ఒట్టి పరికరమని చెప్పండి. వారం తిరిగేసరికి మళ్లీ అన్నీ బీరువాల్లోకి వెళ్తాయి. పత్తి రోజులు. ఆ పిల్లల సంగతేమిటి?"

"అది చెప్పను. చావింటికి తీయొద్దని చెబుతా."

"ఎందుకు తీయకూడదని అడుగుతారు."

"లోహిత సంగతి చెప్పాల్సి వస్తుంది."

"అంటే తల్లి చేతులారా బిడ్డని పోగొట్టుకుందని వీధివీధీ చాటి వస్తారన్నమాట" అన్నాడు చంద్రమౌళి. "ఆమెకి ఆ సంగతి తెలుసా?"

చెప్పకపోతే ఇంకో బిడ్డ పోతుంది. చెబితే ఆ తల్లి ఏమవుతుందో తెలియదు. ఏది చేసినా ఎవరో ఒకరి గొంతు మీద కాలు వేసినట్టే. ఊరి నోట సుంకులమ్మ వినేకంటే తన నోట వినడమే నయమనిపించి, ఆ మధ్యాహ్నం వకుళ ఒంటరిగా బయల్దేరింది.

ఇంటి ముందు పూలబుట్ట బోర్లించి ఉంది. సుంకులమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, ఉరుకుందు గుమ్మంలో. ఆమె ఏడవడం లేదు. వకుళని చూడగానే లేచి లోపలికి పోయి, ఉతికిన గుడ్డలో చుట్టిన తాయెత్తు తెచ్చి చేతిలో పెట్టింది.

"తీస్కపో మేడం. ఇంగో బిడ్డకి పనికొస్తాదేమో. మైల పడల్యా. సావింట్లేకి పోనియ్యల్యా నేను."

ఆ రాగి ముక్క వకుళ అరచేతిలో చల్లగా ఉంది. చెప్పకుండా వెళ్లిపోదామని ఒక్క నిమిషం ప్రాణం కొట్టుకుంది. ఎదురుగా ఉన్న తల్లికి ఆ ఒక్క దయ చూపించాలని చాలా అనిపించింది. కానీ గేటు ముందు బారులు తీరిన తల్లులంతా కళ్లముందు కదిలారు.

"సుంకులమ్మా, దీనికి మైల లేదు" అంది. "ఇది తాయెత్తు కాదు. అది నేను పెట్టిన అబద్ధం పేరు. ఇది మిషను. సావింట్లో కూడా మెడలో ఉండాల్సింది. ఉంటే ఆ బొంతల కాడే ఎర్రగయ్యేది."

సుంకులమ్మ ఆమె అరచేతిలోని తాయెత్తు వంక చూసింది.

"ఉంటే నా బిడ్డ బతికేదా?"

"లేచి బయటికి వచ్చేది" అంది వకుళ. అంతకంటే మెత్తగా ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు.

"తీయొద్దని నువ్వు చెప్పింటివి. మతికుండాది" అంది సుంకులమ్మ మెల్లగా. "ఏ తాయెత్తు ఇచ్చినోళ్లయినా తీయొద్దనే చెప్తారు మేడం. సావింటికి పోయేటప్పుడు తీయల్ల అనేది ఎవురూ చెప్పరు. అందురికీ తెల్సిందే కదా. దాని బలం పోకూడదని తీసినా. బిడ్డ కోసరమే తీసినా."

"తెలుసు. తప్పు నీది కాదు. నాది."

"ఎవురిదైతే ఏమి" అని ఉరుకుందు గుమ్మంలోంచి లేచాడు. "ఆ మాట ముందుగాలనే చెప్పింటే సరిపోయేది. ఇప్పుడు చెప్పనీకె వచ్చినావా? దాన్ని కూడా సంపుదామనా? బయటికి పో మేడం. మళ్లా ఈ వాకిట్లేకి రావద్దు."

వకుళ వెళ్లిపోయింది. దారిలో సందు మలుపున ఆగి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ రోజు నుంచి ఇల్లిల్లూ తిరిగింది. చావింటికైనా, పురిటింటికైనా, గుడికైనా, దర్గాకైనా తీయొద్దని చెప్పింది. లోహిత పేరు ఎత్తలేదు, ఎత్తడానికి నోరు రాలేదు. అందరూ విన్నారు, అట్లనే మేడం అన్నారు, మజ్జిగ ఇచ్చారు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఎవరికీ తీయకుండా ఉండే ఉద్దేశం లేదు. తరతరాల అలవాటు ముందు జీతానికి వచ్చి చెప్పే మేడం మాట ఎంత? వకుళకే ఆ సంగతి బాగా తెలుసు. ఆమె తల్లి అయినా అలాగే మజ్జిగ ఇచ్చి పంపేది.

ఆ వారంలోనే గానిగెవీధిలో ఒక వ్యాపారి పోయాడు. నలుగురికీ కావలసిన మనిషి, వీధంతా జనం. తాయెత్తు పిల్లలున్న కుటుంబాలు చాలా వస్తాయని వకుళ పొద్దున్నే వెళ్లి ఆ ఇంటి అరుగు పక్కన నిలబడింది. లోపల సాంబ్రాణి గుప్పుమంటోంది. ఒక తల్లి ఐదారేళ్ల పిల్లని ఎత్తుకుని మెట్టు దాకా వచ్చింది. వకుళ ఎదురు వెళ్లి, తీయొద్దమ్మా అంది. ఆ తల్లి, "అట్లనే మేడం" అని తలూపి, రెండడుగులు పక్కకి జరిగి, పిల్లని దించి నల్లదారం ముడి విప్పసాగింది.

అప్పుడు వీధిలో జనం పక్కకి తప్పుకుంటున్న అలికిడయింది. సుంకులమ్మ వస్తోంది. తలకి నూనె లేదు, చీర నలిగి ఉంది. బిడ్డ పెద్దదినం ఇంకా కాలేదు, ఆ మైలతో ఇల్లు విడిచి రాకూడదు, ఇంకొకరి గడప దగ్గరికి అసలే రాకూడదు. ముసలివాళ్లు గొణిగారు. ఎవరో, యాడికమ్మా అని అడ్డం వచ్చారు. ఆమె ఎవరివంకా చూడలేదు. వకుళవంక కూడా చూడలేదు. నేరుగా ఆ తల్లి దగ్గరికి వెళ్లి, ముడి విప్పుతున్న చేతులని పట్టుకుంది.

"తీయొద్దు" అంది.

"సావిల్లు కదక్కా. మైలపడి బలం పోతాది."

"నేను తీసినా" అంది సుంకులమ్మ.

ఆ తల్లి ఆమె మొహంలోకి చూసింది. ఎవరో పోల్చుకుంది. ఊళ్లో ఆ బిడ్డ సంగతి వినని వాళ్లు లేరు, ఎలా పోయిందో మాత్రం ఎవరికీ తెలియదు. ముడి మళ్లీ బిగించింది. ఇంకో ముడి కూడా వేసింది. తాయెత్తుని పిల్ల గౌను మీదికి లాగి పెట్టింది. లోపల సాంబ్రాణి పొగ చూసి, పిల్లని చంకనేసుకుని అక్కడి నుంచే చనిపోయినాయనకి దండం పెట్టి వెనక్కి తిరిగింది.

సుంకులమ్మ వెళ్లిపోలేదు. మెట్టు ఎక్కకుండా, గడపకి ఇవతలే ఎండలో నిలబడింది. వీధి మలుపులో ఇంకో ఇద్దరు తల్లులు పిల్లల చేతులు పట్టుకుని వస్తున్నారు.